మోటార్ స్టార్ట్ అవగానే బోర్డు రీసెట్: తప్పు పవర్ సప్లైదేనా?

ప్రశ్న: నా 12 ఓల్టుల, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై) లోడ్ లేకపోతే మల్టీమీటర్‌లో 12.02 చూపిస్తోంది, 3 ఆంపియర్లు లాగితే 11.90. అయినా మోటార్ స్టార్ట్ అయిన ప్రతిసారీ కంట్రోలర్ బోర్డు రీసెట్ అవుతోంది. రెండు రోజులుగా ఇదే టెన్షన్. ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1: 0.12 ఓల్టుల తేడా అంటే 1 శాతమే, దానికి వంక పెట్టలేం. చూడాల్సింది లోడ్ ఒక్కసారిగా మారే క్షణాన్ని. అప్పుడు ఓల్టేజీ క్షణకాలం పడిపోయే గుంట మల్టీమీటర్ కంట పడదు, ఓల్టేజీ మార్పును గీతగా చూపే ఆసిలోస్కోప్ కావాలి. నేనైతే 8 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఎప్పుడూ కలిపి ఉంచి, అలాంటిదే రెండోదాన్ని మాస్‌ఫెట్‌తో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) సెకనుకు 100 సార్లు ఆన్, ఆఫ్ చేస్తాను. కరెంటు 1.5 నుంచి 3 ఆంపియర్లకు ఎగిరి దిగుతుంది. ఆన్‌లో ఉన్నప్పుడు ఒక్కో రెసిస్టర్‌లో 18 వాట్ల వేడి పుడుతుంది కాబట్టి 50 వాట్లవి హీట్‌సింక్‌కు బిగించండి. వేలు కాలుతుంది, జాగ్రత్త.

జవాబు 2: ఆసిలోస్కోప్ ప్రోబ్ (కొలిచే మొన) సప్లై టెర్మినళ్ల మీదే పెట్టండి. వైర్లలో 0.1 ఓమ్ ఉన్నా 3 ఆంపియర్లకు 0.3 ఓల్టులు అక్కడే పోతాయి, పాపం నింద సప్లై మీద పడుతుంది. ప్రోబ్ గ్రౌండ్ వైరు కూడా పొట్టిగా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: చేశాను. రెసిస్టర్లతో 0.2 ఓల్టులు పడి, అర మిల్లీసెకనులో కోలుకుంది. మోటార్‌తో మాత్రం టెర్మినళ్ల దగ్గరే 30 మిల్లీసెకన్లపాటు 6 ఓల్టులకు దిగిపోయింది!

జవాబు 1: అది కరెంట్ లిమిట్, అంటే హద్దు దాటి కరెంటు అడిగితే సప్లై ఓల్టేజీ తగ్గించేస్తుంది. ఆగి ఉన్న మోటార్ మొదట మామూలు కరెంటుకు చాలా రెట్లు లాగుతుంది. సప్లై మంచిదే. మోటార్‌కు సాఫ్ట్ స్టార్ట్ (మెల్లగా వేగం పెంచే ఏర్పాటు) పెట్టండి, లేదా బోర్డుకు వేరే సప్లై ఇవ్వండి.