డ్రోన్‌తో తీసిన 360 పనోరమా ఫేస్‌బుక్‌లో తిరగట్లేదు, మామూలు ఫోటోలా పడుతోంది. ఎవరైనా చెప్పండి

లంక_కుర్రోడు:
నమస్తే అండి. మాది కోనసీమ, వైనతేయ గోదారి ఒడ్డున లంక ఊరు. నా దగ్గర డీజేఐ మినీ 2 డ్రోన్ ఉంది, మొన్న పొద్దున్నే స్ఫియర్ మోడ్‌లో (చుట్టూ, పైనా, కిందా అంతా ఒకే ఫోటోలో వచ్చేది) పెట్టి మా ఊరి మీద నుంచి పనోరమా తీశాను. ఒక పక్క గోదారి, ఒక పక్క కొబ్బరి తోటలు, మధ్యలో రామాలయం, డ్రోన్ యాప్‌లో వేలితో తిప్పుతుంటే ఆ గాల్లో మనమే నిలబడి చూసినట్టుందండి. మా పెదనాన్న గారి అమ్మాయి కువైట్‌లో ఉంటుంది, ఊరొచ్చి ఆరేళ్ళయింది, అక్కకి చూపించాలనే తీశాను అసలు. ఊరోళ్ళ ఫేస్‌బుక్ గ్రూపులో పెడితే మాత్రం తిరగట్లేదు, పొడుగ్గా సాగిపోయి రామాలయం వంకరగా కనిపిస్తోంది, అందరూ ఇదేంటి ఇలా ఉంది అని అడుగుతున్నారు.

నేను చేసింది ఇది: పైన ఆకాశం మసక మసగ్గా ఉందని ఆ ముక్క క్రాప్ చేశాను, ఫోన్‌లో ఎడిటింగ్ యాప్‌లో కలర్ కొంచెం పెంచాను, తర్వాత వాట్సాప్‌లో మా తమ్ముడికి పంపితే వాడు లాప్‌టాప్ నుంచి అప్‌లోడ్ చేశాడు. ఎక్కడ తప్పు పోయిందో చెప్పండి. అలాగే ఇన్‌స్టాలో ఇలా తిరిగేలా పెట్టొచ్చా? ఇంకోటి, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో (ఊరూరి నుంచి దేవుళ్ళని ఎత్తైన వెదురు ప్రభల మీద మోసుకొచ్చే జాతర) ఇలాంటిదే తీద్దామని ఉంది, దాని గురించి కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పనోపిచ్చి:
మీరు చెప్పిన మూడు పనులూ మూడు దెబ్బలండి, ఒక్కోటీ చెప్తా.

ఫోటో లోపల మనకి కనపడని ఒక చీటీ ఉంటుంది, మెటాడేటా అంటారు. ఇది మామూలు ఫోటో కాదు, గోళానికి చుట్టాల్సిన ఫోటో అని ఆ చీటీలో రాసి ఉంటేనే ఫేస్‌బుక్ దాన్ని తిప్పి చూపిస్తుంది. ప్రొజెక్షన్ టైప్ అన్నచోట ఈక్విరెక్టాంగ్యులర్ అని ఉండాలి, అంతే. గ్లోబుని అట్లాస్‌లో బల్లపరుపుగా పరుస్తారు చూశారా, మీ ఫోటో కూడా అలా పరిచిందే, అందుకే చీటీ పోతే రామాలయం వంకరగా కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గించడమే కాదు ఆ చీటీ కూడా పీకేస్తుంది. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఫోన్ ఎడిటింగ్ యాప్‌లు కూడా చాలావరకు సేవ్ చేసేటప్పుడు దాన్ని ఉంచవు.

ఇక క్రాప్. వెడల్పు ఎత్తుకి సరిగ్గా రెండింతలు ఉండాలి, 8000 వెడల్పు అయితే 4000 ఎత్తు. పైన ముక్క కోసేస్తే ఆ లెక్క పోయింది, గోళానికి నెత్తి లేకుండా పోయింది. ఆకాశం మసగ్గా ఉండటం మీ తప్పు కాదండి, డ్రోన్ కెమెరా పూర్తిగా నెత్తి మీదకి తిరగలేదు కాబట్టి అక్కడ ఫోటోనే ఉండదు, యాప్ తనకి తోచిన ఆకాశం పూసి పెడుతుంది. అది కొయ్యకండి, నచ్చకపోతే లాప్‌టాప్‌లో గింప్ లాంటి ఫోటో ఎడిటర్‌లో దాని మీదే మంచి నీలం సాఫ్ట్‌గా దిద్దండి.

ఇప్పుడు ఒరిజినల్ ఫైల్ తీసుకుని ఏ ఎడిటూ లేకుండా ఫోన్ నుంచే నేరుగా పెట్టి చూడండి, తిరుగుతుంది. కలర్ మార్చి తీరాలంటే మార్చాక ఎగ్జిఫ్‌టూల్ అని ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది, దాంతో ఆ చీటీ మళ్ళీ రాయొచ్చు, ఒక్క లైన్ పని. నేను పెట్టే ముందు 6000 బై 3000కి తగ్గిస్తాను, తొందరగా లోడ్ అవుతుంది.

వరంగల్_ఫ్రేమ్స్:
అన్నా పైన అన్న చెప్పింది కరెక్టే, తీసేటప్పటి సంగతి నేను చెప్త. డ్రోన్ గాల్లో ఒక్కచోట నిలబడి తనే తిరుక్కుంట ఇరవై పైన ఫోటోలు తీస్తది, వాటిని కలిపి కుడితేనే పనోరమా. ఎక్స్‌పోజర్ (ఫోటోల ఎంత వెలుతురు రావాల్నో పెట్టేది) ఆటో మీద ఉంచితే సూర్యుని దిక్కు ఒక తీరు, ఎన్క దిక్కు ఒక తీరు వచ్చి ఆకాశంల చారలు పడ్తయి. మాన్యువల్ పెట్టి లాక్ చెయ్యి, వైట్ బ్యాలెన్స్ (రంగులు పచ్చగ, నీలంగ మారకుండ చూసేది) గూడ లాక్ చెయ్యి. ఇది ఒక్కటి చేస్తే సగం పని అయిపోయినట్టే.

యాప్ కుట్టింది సోషల్ మీడియాకి సరిపోతది గని నీకు ఇంక క్లారిటీ కావాలంటే సెట్టింగ్స్‌ల పనోరమా ఒరిజినల్ ఫోటోలు సేవ్ చెయ్యమని పెట్టు, మెమరీ కార్డుల పనోరమా ఫోల్డర్‌ల ఉంటయి. వాటిని హగిన్ అనే సాఫ్ట్‌వేర్‌ల కుట్టు, అది పూరా ఫ్రీ, పీటీగుయ్ ఇంక సులువు గని పైసలు పెట్టాలె. నీ 12 మెగాపిక్సెల్ ఫోటోలకి 15 వేల పిక్సెళ్ళు దాటి వెడల్పు వస్తది, జూమ్ చేస్తే ఇంటి పెంకులు లెక్కపెట్టొచ్చు. కాకపోతే నీకు గోదారితోని తిప్పలుంటది. ఉత్త నీళ్ళు, ఉత్త ఆకాశం ఉన్న ఫోటోలల్ల సాఫ్ట్‌వేర్ పట్టుకోనీకి గుర్తులు దొరకయి, అవి ఎటో పోయి అతుక్కుంటయి. ఒడ్డు గాని పడవ గాని కొంచెమన్న కనపడేటట్టు నిలబెట్టు డ్రోన్‌ని. గాలి ఉన్నప్పుడు కొబ్బరి మట్టలు ఊగితే అంచులు రెండు రెండు కనపడ్తయి, అందుకని చెట్ల నుంచి మంచిగ పైకి పో, పొద్దుగాల గాలి లేనప్పుడే తియ్యి.

ఇన్‌స్టాల తిరిగేది నడువదు అన్నా, అక్కడ 360 ఫోటో సపోర్ట్ లేదు. నేను మూడు తీర్ల చేస్త. పొడుగు పనోరమాని సమానంగ ముక్కలు చేసి వరసగ పెడ్త, పక్కకి జరుపుకుంట చూస్తరు. లేకపోతే ఊరంత గుండ్రటి చిన్న గ్రహం లెక్క కనపడేటట్టు మార్చి పెడ్త. ఫోన్‌ల తిప్పుకుంట స్క్రీన్ రికార్డ్ చేసి రీల్ గూడ పెట్టొచ్చు, దీన్నే ఎక్కువ మంది చూస్తరు.

డల్లాస్_నుంచి:
నేను చూసే వైపు నుంచి చెప్తానండి, మాది రాజోలు దగ్గర, పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం. మా అమ్మకి ఫేస్‌బుక్ లేదు, వాట్సాప్ ఒక్కటే తెలుసు. అలాంటి వాళ్ళ కోసం కూలా అని సైట్ ఉంది, ఫ్రీగానే అకౌంట్ చేసుకోవచ్చు, దాంట్లో ఫోటో పెడితే లింక్ ఇస్తుంది, ఆ లింక్ వాట్సాప్‌లో పంపితే నొక్కగానే తెరుచుకుని వేలితో తిరుగుతుంది, యాప్ ఏదీ వేసుకోనక్కర్లేదు. తెరవగానే ఎటు వైపు కనపడాలో ముందే పెట్టొచ్చు, రామాలయం వైపు పెట్టండి, చాలామంది ఆకాశమో పొలమో కనపడగానే అర్థం కాక మూసేస్తారు.

ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి. పైనుంచి తీస్తే పెరళ్ళు, నూతి దగ్గర స్నానాల దడులు కూడా కనిపిస్తాయి. మా ఊరివాళ్ళెవరో పెట్టిన దాంట్లో ఒకావిడ పెరట్లో తల దువ్వుకుంటూ కనపడింది, ఆవిడ చాలా బాధపడిందని విన్నాను. పెట్టే ముందు జూమ్ చేసి నాలుగు వైపులా చూసి మనుషులు తెలిసేట్టు ఉంటే బ్లర్ చెయ్యండి, అంతకంటే ముందు ఊళ్ళో ఒక మాట చెప్పి ఎగరెయ్యండి.

పనోపిచ్చి:
ప్రభల తీర్థం సంగతి ఎవరూ చెప్పలేదు కదా. దయచేసి జనం మీద ఎగరెయ్యకండి. ఏకాదశ రుద్రుల ప్రభలు పదకొండూ ఆ తోటలో చేరే వేళకి కాలు పెట్టే చోటుండదు, పైగా ప్రభలు ఎంత ఎత్తుంటాయో మీకు తెలియనిది కాదు. అవి భుజాల మీద ఊగుతూ వస్తుంటాయి, చుట్టూ కొబ్బరిచెట్లు, ఒక్క రెక్క తగిలితే కింద పిల్లలుంటారు. మినీ 2 బరువు 249 గ్రాములు కాబట్టి నానో (అన్నిటికంటే చిన్న డ్రోన్ల తరగతి) కిందకి వస్తుంది, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, గ్రీన్ జోన్‌లో (ముందు పర్మిషన్ అక్కర్లేని చోట) 400 అడుగుల వరకు ఎగరెయ్యొచ్చు, అంత మాత్రాన జనం నెత్తి మీద పెట్టమని కాదు. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్ (ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపించే ప్రభుత్వ మ్యాప్) చూడండి, తాటిపాక వైపు ఓఎన్‌జీసీ ప్లాంట్లు కూడా ఉన్నాయి కదా. తీర్థం నాడు పోలీసుల దగ్గర, ఉత్సవం చూసుకునే పెద్దల దగ్గర ముందే పర్మిషన్ అడగండి, వద్దంటే మానేయండి. ఇస్తే తోట బయట ఖాళీ చేను మీద నిలబెట్టి తీయండి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది, కదిలే జనం పనోరమాలో సగం సగం మనుషులుగా తెగిపోతారు. నన్నడిగితే ప్రభలన్నీ దింపి నిలబెట్టాక తీస్తేనే బాగా వస్తుంది.

లంక_కుర్రోడు:
అందరికీ చాలా థాంక్సండి. ఒరిజినల్ ఫైల్ ఫోన్ నుంచే నేరుగా పెట్టాను, తిరిగింది! కూలా లింక్ కూడా చేసి, రామాలయం వైపు తెరుచుకునేట్టు పెట్టి అక్కకి పంపాను. రాత్రి ఫోన్ చేసింది, వాళ్ళింటి వెనకాల నేరేడు చెట్టు ఏమైందిరా అని అడిగింది, పోయినేడు గాలివానకి పడిపోయిందని ఎవరూ చెప్పలేదంట. అంత చిన్న ఫోటోలో అది ఎలా పట్టుకుందో నాకైతే తెలీదండి. డల్లాస్ అక్కగారు చెప్పినట్టు జూమ్ చేసి చూస్తే రెండు పెరళ్ళలో మనుషులున్నారు, లింక్ తీసేసి అవి బ్లర్ చేసి మళ్ళీ పెట్టాను. తీర్థం రోజు డ్రోన్ తీసుకెళ్ళే ముందు మా ప్రభ కమిటీ వాళ్ళని అడుగుతాను. వరంగల్ అన్నా, హగిన్‌లో నీళ్ళున్న ఫోటోలు నిజంగానే ఎటో పోయాయి, వాటిని చేత్తో ఎలా సర్దాలో ఒకసారి చెప్తావా?

వరంగల్_ఫ్రేమ్స్:
చెప్త అన్నా. ముందు గుర్తులు దొరికిన ఫోటోలు మాత్రమే కుట్టు. డ్రోన్ ఒక్కో వరసల సమానంగ తిరుగుతది కాబట్టి ఒక నీళ్ళ ఫోటోకి అదే వరసల పక్క ఫోటో పిచ్ (పైకి కిందికి వంపు), రోల్ (పక్కకి ఒరుగు) నంబర్లే ఇచ్చి, యా (చుట్టూ తిరిగిన కోణం) మాత్రం ఎంత తేడాతోని జరుగుతుందో చూసి అంతే కలుపు. అయినా కుదరకపోతే స్క్రీన్‌షాట్ పెట్టు, చూస్త.