జాతర ఫ్లెక్సీ మీద వంశవృక్షం: దేన్ని ఆధారం అనాలి?

పాత_పహాణీ:
అందరికీ నమస్తే. మా ఊరు పరకాల దగ్గర. ఈసారి మల్లన్న జాతరకు ఒక ఇంటిపేరు వాళ్ళు గుడి ముందర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పైన రామప్ప గుడి ఫొటో, దాని కింద ఆ గుడి కట్టించిన కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడి పేరు, అక్కడి నుంచి బాణం గుర్తులు దిగుకుంటూ వచ్చి ఇప్పుడున్న పిల్లల దాకా. రుద్రుడికీ, 1954-55 ఖాస్రా పహాణీలో (ఊరి భూముల రికార్డు) కనిపించే వాళ్ళ ముత్తాతకూ మధ్య ఏడు పేర్లే ఉన్నాయి. రామప్ప శాసనం 1213 నాటిది. తరానికి 30 ఏళ్ళు వేసుకున్నా ఈ పేర్లకు 240 ఏళ్ళు దాటవు. మిగతా 500 ఏళ్ళ మనుషులు ఎటు పోయినట్టు? ఇలాంటి వాటికి ఏది ఆధారం, ఏది కాదు, తెలిసినవాళ్ళు చెప్పండి.

మల్లన్న_బిడ్డ:
ఆ ఫ్లెక్సీ కట్టింది మేమే, దాచుకునేదేం లేదు. ఆ పేర్లు మేము పుట్టించినవి కాదు. వంశరాజులు మా తాతల కాలం నుంచి మా ఇంటికి వస్తారు, వాకిట్లో నిలబడి గోత్రం, ఇంటిపేరు, పెద్దల పేర్లు వరుసగా చదివి త్యాగం (కానుక) తీసుకుని పోతారు. పద్మశాలీలకు కూనపులోళ్ళు, గొల్లోళ్ళకు మందెచ్చులోళ్ళు ఉన్నట్టే మాకు వాళ్ళు. చెర్యాల పటం విప్పి కథ చెప్తుంటే తెల్లారేదాకా ఊరంతా కూర్చుని వినలేదా? నిజాం కాలంలో సంతకం రానోళ్ళ చరిత్ర మోసింది ఈ నోళ్ళే. పట్వారీ రాస్తేనే నిజం, పాడితే అబద్ధమా?

బొగ్గుబావి_తమ్ముడు:
డీఎన్‌ఏ చేయించండి, లొల్లి ఖతం.

పాత_పహాణీ:
తమ్మీ, డీఎన్‌ఏతో ఇది తేలదు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ చూసి ఇద్దరు మగవాళ్ళది ఒకే మగ పరంపరా కాదా చెప్పగలరు. రుద్రుడిది అని పోల్చి చూడ్డానికి నమూనా ఎక్కడుంది?

మల్లన్న_బిడ్డా, నేను నోటి మాటను తీసెయ్యడం లేదు. నాలుగైదు తరాల దాకా వంశరాజులు చెప్పింది సేత్వార్‌తో (పాత భూసర్వే రిజిస్టరు), పహాణీతో సరిపోవడం ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనే చూశాను. పైకి పోయేకొద్దీ వాకిట్లో వినేవాళ్ళకు నచ్చే పెద్ద పేర్లు చేరతాయి. ఇంకో సంగతి, రామప్ప శాసనం రుద్రుడి పూర్వీకులను చెప్తుంది. 1213 తర్వాత పుట్టిన మనవళ్ళ సంగతి అందులో ఎట్లా ఉంటుంది? ఇక పేరు కలిస్తే వంశం కలిసినట్టు కాదు. రామప్ప కట్టించిన రేచర్ల వాళ్ళు రెడ్లు, రాచకొండ ఏలిన రేచర్ల వాళ్ళు పద్మనాయకులు. బస్తర్ రాజుల సంగతీ అంతే. కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడి సంతతి అని చెప్పే దంతేవాడ శాసనం 1703 నాటిది, ఓరుగల్లు పడిపోయింది 1323లో. మధ్యలో 380 ఏళ్ళు.

మల్లన్న_బిడ్డ:
అంటే వంశరాజులు పైసల కోసం చెప్తారన్నట్టేనా? ముందు దీనికి జవాబు చెప్పండి. ముసలాయన ఎండలో ఊరూరా తిరిగి ఇన్ని పేర్లు గుర్తుపెట్టుకుని చెప్తే మీకు అట్లా కనబడిందా? ఆ లెక్కన రామప్ప శాసనం కూడా రుద్రుడే చెక్కించుకున్నాడు, తన పెద్దల గొప్పలు తనే రాయించుకున్నాడు. దాన్నెట్లా నమ్ముతారు?

పరకాల_టీకొట్టు:
ఈ ప్రశ్న మాత్రం కరెక్టు.

పాత_పహాణీ:
ఆయన కాలం సంగతులకు నమ్ముతాను, ఆయన ముత్తాతల వీరత్వానికి నమ్మను. కాకతీయులనే చూడండి. బయ్యారం చెరువు శాసనం వాళ్ళను దుర్జయ వంశంలో వెన్నమ నుంచి ఒక్కొక్కరినీ పేరు పెట్టి చెప్తుంది. మోటుపల్లి శాసనానికి వచ్చేసరికి సూర్యవంశం అయ్యారు. రాజులంతటి వాళ్ళకే రెండు రకాలు ఉంటే మన ఫ్లెక్సీ ఎంత?

కోర్టులు కూడా ఇదే చూస్తాయి. 1872 సాక్ష్యాధారాల చట్టం 32వ సెక్షన్‌లో ఉండేది, 2024 నుంచి దాని బదులు అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది, చనిపోయిన బంధువు చుట్టరికం గురించి చెప్పిన మాట పనికొస్తుంది, కానీ గొడవ మొదలుకాక ముందు చెప్పింది అయ్యుండాలి. గొడవ వచ్చాక అచ్చేసిన ఫ్లెక్సీ అందులోకి రాదు.

కరీమాబాద్_అక్క:
బయ్యారం శాసనం వేయించింది గణపతిదేవుడి చెల్లె మైలాంబ. కాకతీయుల వంశం గురించి అంత వివరంగా చెప్పింది ఆ ఇంటి ఆడబిడ్డ. మీ ఫ్లెక్సీలో ఒక్క ఆడమనిషి పేరన్నా ఉందా అన్నా?

మల్లన్న_బిడ్డ:
అక్కా, అది మా ఇంటోళ్ళం మాట్లాడుకుంటాం.

పాత_పహాణీ పెద్దమనిషి సంగతి నేను చెప్తా. ఈయన బయటోడు కాదు, మా ఊరే, మా ఇంటిపేరే. ఈయన తాత దత్తత వచ్చినాయన, అందుకే ఆ కొమ్మ మేము వెయ్యలేదు. ఆ కడుపుమంట ఇక్కడ రుద్రుడి మీద చూపిస్తున్నాడు. మొదటి బోనం మా గడప నుంచే లేవాలని పెద్దలు ఒప్పుకున్నాక ఈయనకు శాసనాలు గుర్తొచ్చాయి.

బొగ్గుబావి_తమ్ముడు:
అరె, ఇద్దరూ పాలోళ్ళేనా?

పాత_పహాణీ:
అవును, పాలోళ్ళమే, అదే నేను చెప్తున్నది. మా తాతను ఐదేళ్ళ పిల్లగాడిగా తెచ్చుకున్నారు, ఆయన పెద్ద కొడుకయ్యాడు, తల్లిదండ్రులిద్దరికీ తలకొరివి పెట్టాడు. 1954-55 పహాణీలో తండ్రి పేరు దగ్గర ఎవరి పేరుందో నా దగ్గర నకలుంది, నువ్వెప్పుడు వచ్చినా చూపిస్తా. 1956 దత్తత చట్టం కూడా దత్తపుత్రుణ్ని కొడుకు కిందే లెక్కేసింది. అవన్నీ పక్కన పెట్టు. మా తాత పోయిన రోజు మీ ఇంటిల్లిపాదీ మైల పట్టారు. మీ బాపు చెరువు కట్ట మీద మా నాయన పక్కన కూర్చుని గుండు చేయించుకున్నాడు. పదో రోజు దాకా మీ ఇంట్లో దేవుడి దగ్గర దీపం పెట్టలేదు. పరాయోడు చస్తే ఎవరన్నా మైల పడతారా? అప్పుడు బోనం గొడవ లేదు, ఫ్లెక్సీ లేదు, ఎవరూ ఎవరికీ చూపించుకోవడానికి చేసింది కాదు. 1213 దాకా ఎందుకు, నాకు ఇంతకన్నా గట్టి ఆధారం వద్దు.

కరీమాబాద్_అక్క:
మల్లన్న_బిడ్డా, ఇది మీ బాపుకు తెలిసే ఉంటుంది కదా.

మల్లన్న_బిడ్డ:
మైల పట్టింది నిజమే. కానీ అది మర్యాద కాకా, రక్తం వేరు. వంశం అంటే రక్తమే కదా, లేకపోతే వృక్షం ఎందుకు?

పాత_పహాణీ:
నాకు తలకొరివి పెట్టినోడే కొడుకు. రక్తమే కావాలంటే రుద్రుడి దగ్గర నుంచి మీ ముత్తాత దాకా నడుమ లెక్క తేలని 500 ఏళ్ళలో ఏ ఇంటోళ్ళూ ఎవరినీ దత్తత తెచ్చుకోలేదని, ఏ అల్లుడూ ఇల్లరికం రాలేదని నువ్వు చూపించు. రుద్రుణ్ని పెట్టుకుంటారో తీసేస్తారో మీ ఇష్టం, నేనిక దాని జోలికి రాను. మా తాత పేరు ఆయన తండ్రి పేరు కింద రాయాలి.

మల్లన్న_బిడ్డ:
బాపును అడిగి చెప్తా. రుద్రుడి పేరు మాత్రం తీసేది లేదు.