‘బెట్టకు పూత రాలింది’: రాలుట, రాల్చుట

ప్రశ్న: పత్తి రైతుల కోసం రాస్తున్న కరపత్రంలో ‘బెట్టకు పూత, పిందె రాలిపోతాయి’ అని రాశాను (బెట్ట అంటే వాన లేక నేలలో తడి ఆరిపోవడం). సరిచూసిన వ్యవసాయాధికారి దాన్ని ‘ఒత్తిడికి గురైన మొక్క పూతను, పిందెను రాలుస్తుంది’ అని మార్చారు. ఇది ఆంగ్ల వాక్యానికి నకలేమోనని నా అనుమానం. సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

జవాబు: వాక్యపు నడక వరకు చూస్తే మీదే సహజంగా ఉంది. ఎండకు వాడింది, వానకు తడిసింది, చలికి ముడుచుకుంది అన్నట్టే బెట్టకు రాలింది అంటాం. ఇటువంటి చోట్ల ‘వలన’ కంటే ‘కు’ ప్రత్యయమే మన నోటికి ముందుగా వస్తుంది. క్రియ దగ్గర మాత్రం నేను అధికారిగారి పక్షమే. రాలు అనేది అకర్మకం. కాలు, కూలు అనే ధాతువులు కాల్చు, కూల్చు అయినట్టే అది సకర్మకంలో రాల్చు అవుతుంది. ‘రాలింది’ అన్నప్పుడు ఆ పని చేసినదెవరో వాక్యంలో కనిపించదు. మొక్క సంగతిలో చేసేది మొక్కే.

నరికి పడేసిన మామిడి కొమ్మను గమనించండి. ఆకులు గోధుమరంగుకు తిరిగి గలగలలాడుతున్నా కొమ్మను వదలవు, లాగితే కాడతో సహా చిరుగుతాయి. రాలడానికి ప్రాణమున్న కణాలు కావాలి. ఆకు కాడ మొదట్లోనూ పిందె తొడిమ దగ్గరా చిన్న చిన్న కణాల పొరలు కొన్ని ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న ఆకు నుంచి, పిందె నుంచి ఆక్సిన్ అనే హార్మోను తొడిమ గుండా కిందికి ప్రవహిస్తున్నంత కాలం ఆ పొరలు, రాల్చమని సంకేతమిచ్చే ఇథిలీన్ అనే వాయురూప హార్మోనును లెక్కచేయవు. బెట్ట తగిలితే ఆక్సిన్ ప్రవాహం సన్నగిల్లి ఇథిలీన్ పెరుగుతుంది. అప్పుడు ఆ పొరల్లోని కణాలే సెల్యులేజ్ వంటి ఎంజైములను కొత్తగా తయారుచేసి, కణాలను అంటిపెట్టుకుని ఉన్న గోడలను కరిగించి, తెగిన చోట బెరడు వంటి రక్షణ పొరను కూడా కప్పుతాయి. రైతులు పూత నిలవడానికి కొట్టే ప్లానోఫిక్స్‌లో ఉన్నది ఆక్సిన్ జాతికి చెందిన నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లమే; తగ్గిపోయిన సంకేతాన్ని బయటి నుంచి అందించడమే అది చేసే పని.

మరో సభ్యుడు: రాలడానికి కారణం అబ్సిసిక్ ఆమ్లమని చదువుకున్నాం కదా?

జవాబు: ఆంగ్లంలో అబ్సిషన్ అంటే రాలడం; ఆ పేరే అందరినీ తప్పుదారి పట్టించింది. 1960ల్లో కాలిఫోర్నియాలో పత్తికాయల నుంచి, కాయ రాలడానికి కారణమనుకుంటూ, దాన్ని వేరుచేశారు. అదే కాలంలో వేల్స్‌లో మరో బృందం మొగ్గల నిద్రావస్థకు కారణమనుకుంటూ చెట్ల ఆకుల నుంచి తీసినదీ అదే పదార్థమని 1965లో తేలింది. రాల్చే పనిలో ముఖ్యపాత్ర ఇథిలీన్‌దని తర్వాత స్పష్టమైనా, పేరు స్థిరపడిపోయింది. బెట్టలో అబ్సిసిక్ ఆమ్లం చేసే అసలు పని ఆకు రంధ్రాలను మూయించడం. ఆ మూయించే తీరు విచిత్రంగా ఉంటుంది. రంధ్రం మూసే ఎంజైములను మామూలు రోజుల్లో వేరే ఎంజైములు పనిచేయనీయకుండా అణచిపెడుతుంటాయి. హార్మోను వచ్చి తన గ్రాహకానికి, అంటే తనను గుర్తుపట్టే ప్రోటీనుకు, అతుక్కోగానే ఆ గ్రాహకం ఈ అణచేవాటిని పట్టేస్తుంది. అంటే ఆపేదాన్ని ఆపడమన్నమాట. ఆ గ్రాహకాలు 2009లో గానీ బయటపడలేదు. అదే సంకేతం అణచే ఎంజైములను మరింతగా తయారుచేయిస్తుంది కూడా, కాబట్టి స్పందన అదుపు తప్పదు. తడి అందాక మొక్క ఆ హార్మోనును విచ్ఛిన్నం చేసుకుంటుంది.

మరో సభ్యురాలు: రాల్చడమంటే చింతకాయలను కర్రతో కొట్టి రాల్చడమే మాకు అలవాటు. మొక్క తన పూతను తానే రాలుస్తుందంటే ఎబ్బెట్టుగా లేదా?

జవాబు: కన్నీరు రాల్చాడు అంటాం, అక్కడ కర్ర లేదు; తనలోంచి తానే విడిచాడనే అర్థం. భూగోళ పాఠాల్లో ‘ఆకురాల్చే అడవులు’ అనే మాట ఎప్పటి నుంచో ఉంది, నల్లమలలో వేసవి ముందు టేకు చేసేది అదే. ఈ ప్రయోగాన్ని ఆంగ్లం నుంచి తెచ్చుకున్నామనడం కష్టం. కావాలంటే ‘రాల్చుకుంటుంది’ అనండి, ‘కొను’ చేరితే తన కోసమే చేసుకున్నదని తెలుస్తుంది.

‘ఒత్తిడి’ విషయంలో మాత్రం అధికారిగారితో నాకు పేచీ ఉంది. బెట్ట, ముంపు, చౌడు, తెగులు అన్నిటినీ కలిపి చెప్పవలసినప్పుడు ఒత్తిడి పనికొస్తుంది. భారీ వానలకు పత్తి చేలో నీరు నిలిచినా ఇథిలీన్ పెరిగి పూత రాలుతుంది కాబట్టి, ఒత్తిడి అని ఊరుకుంటే నీరు పెట్టాలో తీసేయాలో రైతుకు తెలియదు. కరపత్రంలో ఇలా రాయవచ్చు: ‘బెట్టకు గానీ ముంపుకు గానీ పత్తి మొక్క పూతను, పిందెను రాల్చుకుంటుంది.’