హిమాయత్‌సాగర్‌కు ఈసీ వాగు నీళ్లు తగ్గింది చెక్‌డ్యాముల వల్లా, బోర్ల వల్లా?

ఈసీగట్టు:
వాన కొంచెం అటూ ఇటూగా అంతే పడుతోంది. జలాశయం 1927లో కట్టిందే. మధ్యలో మారిందల్లా వాగులు, వంకల మీద లేచిన అడ్డుకట్టలు. సుమారు 1,300 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో అడుగడుగునా ఆపితే కిందికి ఏం దిగుతుంది? కొత్త చెక్‌డ్యాములు ఆపాలి, పాతవాటికి తూములు పెట్టాలి. కాదనేవాళ్లు లెక్కతో రండి.

మొరం_బండ:
లెక్కే చూద్దాం అన్నా. జలాశయం పట్టేది దాదాపు 2.97 టీఎంసీలు, అంటే 8.4 కోట్ల ఘనపు మీటర్లు. పరీవాహకమంతా పరిస్తే 65 మి.మీ. మందం. ఏడాదికి 800 మి.మీ. వాన అనుకుంటే అందులో పన్నెండో వంతు పారినా ఒకసారి నిండుతుంది.

ఇక చెక్‌డ్యాం. వాగు వెడల్పు 20 మీటర్లు, గోడ ఒక మీటరు, వెనక నీళ్లు 200 మీటర్లు. పైకి పోయేకొద్దీ లోతు తగ్గుతుంది కనుక సగం తీసుకో, 2,000 ఘ.మీ. నాలుగుసార్లు నిండి ఇంకినా 8,000. అలాంటివి 500 ఉన్నాయనుకున్నా 40 లక్షల ఘ.మీ., అంటే 3 మి.మీ. నీకు రావాల్సింది 65. మిగతా 62 ఎవరు తాగారు?

బోరు కింద యాసంగిలో ఎకరం వరికి 1,200 మి.మీ. పెడితే 4,800 ఘ.మీ. పైనే. ఒక చెక్‌డ్యాం ఏడాదంతా ఆపింది రెండెకరాల వరికి చాలదు.

ఈసీగట్టు:
మంచి ఏడాది లెక్క చెప్పి తప్పించుకుంటున్నావ్. కరువు ఏడాది వాగులో పారేదే 15 మి.మీ. అయితే నీ 3 మి.మీ. ఐదో వంతు. ఫాం పాండ్లు (పొలంలో తవ్వే నీటికుంటలు), కందకాలు, పొలం గట్లు ఎక్కడ కలిపావు?

మొరం_బండ:
కరువు ఏడాది నాలుగుసార్లు ఎలా నిండుతాయి? ఒకసారి నిండితే ముప్పావు మి.మీ. కందకాలు, గట్ల మాట నిజమే, అవి కలపాలి. కానీ నువ్వు మొదలుపెట్టింది చెక్‌డ్యాముల మీద.

గోలకొండ_గాలి:
2020 అక్టోబరులో గేట్లెత్తారు, ఆ తర్వాత కూడా ఎత్తారు. నీళ్లు తగ్గాయని ఇంకా చర్చేంది?

రేగడి_నేల:
మీరిద్దరూ పరీవాహకమంతా ఒకటే మట్టి అన్నట్టు మాట్లాడుతున్నారు. పడమర వికారాబాద్ వైపు దక్కన్ నల్లరాయి, అనంతగిరి మీద ఎర్రటి లేటరైట్ టోపీ. తూర్పుకు వస్తే గ్రానైట్, దాని మీద చల్కా, అంటే ఎర్ర ఇసుక నేల. రెండిట్లో నీటి నడక వేరు.

ఎండిన రేగడిలో తొలకరి వాన పగుళ్లలోకి దిగిపోతుంది, వాగుకు చుక్క రాదు. తడిసి ఉబ్బాక గంటకు ఒక మి.మీ. కూడా ఇంకదు. అప్పుడు, అంటే ఆగస్టు, సెప్టెంబరులో, పడినంతా పారుతుంది. చల్కాలో నీళ్లు ఇంకే నిలకడ వేగం గంటకు 7, 8 మి.మీ. ఉన్నా, చినుకుల దెబ్బకు పైన సన్నటి పెచ్చు కడుతుంది. దాంతో జూన్‌లో చల్కా నుంచే ముందు పారకం మొదలవుతుంది. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉన్న పటాన్‌చెరులో ఈ రెండు నేలలూ పక్కపక్కనే ఉన్నాయి, ఈ కొలతలు అక్కడివే.

కాబట్టి రేగడి వాగు మీది చెక్‌డ్యాంలో మడుగంతా సన్నటి ఒండ్రుతో మూసుకుపోతుంది. నీళ్లు ఇంకవు, రోజుకు 5, 6 మి.మీ. చొప్పున ఆవిరవుతాయి. మొరం, అంటే రాయి శిథిలమై గుల్లబారిన పొర, తేలిన చోట కడితేనే దిగుతాయి. ఎన్ని కట్టారన్నది కాదు, ఏ మట్టిలో కట్టారో చెప్పండి.

ఈసీగట్టు:
నేలలో ఇనుప రింగులు దింపి నీళ్లెంత వేగంగా ఇంకుతాయో కొలిచే రింగు పరీక్షల కాగితాలు మేమూ చూశాం. రేగడిలో గంటకు 70 మి.మీ. అని రాసి చెక్‌డ్యాం మంజూరు చేయించుకున్నారు. అవేనా మీ శాస్త్రం?

రేగడి_నేల:
మేలో పగుళ్ల మీద రింగు దింపితే అలాగే వస్తుంది సార్. లోపలి రింగు 30 సెం.మీ., బయటిది 60. రెండూ 10, 15 సెం.మీ. దిగాలి, రెండిట్లో నీటిమట్టం ఒకటే ఉండాలి. ముందురోజే తడిపి, ఉబ్బనిచ్చి, దిగే వేగం స్థిరపడేదాకా కొలవాలి. మొదటి అరగంట అంకె రాసుకుని లేచిపోతే వచ్చేది పగులు కొలత, మట్టి కొలత కాదు. చల్కాలో ఇంకో రకం తప్పు: రింగును సుత్తితో కొట్టి పైపెచ్చు పగలగొడతారు, ఉన్నదానికన్నా ఎక్కువ ఇంకినట్టు చూపిస్తుంది.

డైకుదారి:
గ్రానైట్‌లో అడ్డంగా పోయే నల్లరాతి డైకులు, అంటే భూమిలోపలి రాతి గోడలు, కూడా చూడండి. ఎగువ పక్క బావిలో నీళ్లుంటాయి, దిగువ పక్క దానిలో ఉండవు.

మొరం_బండ:
గేట్లెత్తారన్న తమ్ముడికి: ఒక రాత్రిలో కుంభవృష్టి పడితే ఏ మట్టయినా పారుతుంది. పోయింది ఆ వరద కాదు, వానలాగిన తర్వాత డిసెంబరు దాకా వాగులో పారే ఊట.

ఊట ఉండేది మొరంలో. పక్కనే మహేశ్వరం దగ్గర ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి చూసింది ఇదే: పైన పది పదిహేను మీటర్ల మొరం, కింద పగుళ్ల బండ. నీటిమట్టం అప్పటికే మొరం దాటి బండలోకి పోయింది. నీళ్లు పట్టే ఖాళీ గ్రానైట్ మొరంలో నూటికి ఒకటిన్నర నుంచి మూడు. తక్కువ అంకే వేసుకో: మట్టం వాగు అడుగుకన్నా 10 మీటర్లు పడిపోతే 150 మి.మీ. ఖాళీ. కేంద్ర భూగర్భజల అంచనా పద్ధతిలో ఈ రాయికి ఇంకుడు వాననీటిలో 8 నుంచి 11 శాతం, అంటే ఏడాదికి 64 నుంచి 88 మి.మీ. ఒక్క మోటారూ ఆడకపోయినా ఆ గుంత పూడటానికి రెండేళ్లు పడుతుంది. అది పూడేదాకా వాగు నీళ్లివ్వదు, వచ్చిన వరదలో కూడా కొంత తానే మింగుతుంది.

ఈసీగట్టు:
వరికి పెట్టిందంతా పోదు, తిరిగి ఇంకుతుంది. అది దాచావు.

మొరం_బండ:
దాచలేదు. మట్టం 10 నుంచి 25 మీటర్ల లోతులో ఉంటే బోరు కింది వరికి 35 శాతం తిరిగి దిగుతుందని అదే పద్ధతి అంటుంది. మిగతా 65 శాతం గాల్లోకి. బోర్లే మూలమని ఒప్పుకోవడానికి నీకేం అడ్డం?

ఈసీగట్టు:
ఏం అడ్డమా? ఇవాళ బోర్లు అని రాస్తే రేపు మోటారుకు మీటరు పెడతారు! చెక్‌డ్యాం అంటే తప్పు కాంట్రాక్టరుది, సర్కారుది. బోరు అంటే తప్పు రైతుది. నీ 65 మి.మీ.ల లెక్క చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుందో నీకు తెలీదా?

చేవెళ్ల_చల్కా:
ఇప్పుడొచ్చింది అసలు మాట. జలాశయాల రక్షణకని 1996 జీవో 111 పరిశ్రమలు, కాలనీలు వద్దంటూ పది కిలోమీటర్ల లోపల 84 ఊళ్లను కట్టేసింది. ఊట పోయేది వికారాబాద్ దాకా ఉన్న మొరంలో, ఆంక్షలు పెట్టింది జలాశయం ఒడ్డున. నగరానికి కృష్ణా నుంచి, గోదావరి నుంచి పైపులొచ్చాయి. మాకు బోరు తప్ప ఏముంది? నా చేను కింద ఇంకిన వాన నాదా, జలాశయానిదా?

మొరం_బండ:
నేను మీటరు అనలేదు. వాగుకు దగ్గరున్న పొలాల్లో యాసంగి వరి బదులు ఆరుతడి పంట వేస్తే ముందు అక్కడి మట్టం లేస్తుంది, ఊట అక్కడే తిరిగి మొదలవుతుంది. నమ్మకపోతే కొలవండి. వానలాగిన రెండు వారాలకు వాగులో 90 డిగ్రీల వి-నాచ్, అంటే V ఆకారంలో కోసిన కొలత రేకు, పెట్టండి. నాచ్ మొన నుంచి 20 సెం.మీ. ఎత్తు పారితే సెకనుకు 25 లీటర్లు. అదే రోజు ఒడ్డున, మోటారు ఆడని బావిలో మట్టం చూడండి. అది వాగు అడుగుకన్నా కింద ఉంటే వాగే భూమికి నీళ్లిస్తోంది. అప్పుడు చెక్‌డ్యాములన్నీ పగలగొట్టినా ఊట రాదు.

చేవెళ్ల_చల్కా:
కొలుద్దాం. కొలిచిన కాగితం ముందు ఎవరి చేతికి పోతుందో చెప్పు.

రేగడి_నేల:
వి-నాచ్ రేగడి గట్టులో పెట్టకండి. ఎండితే రేకు పక్కన పగులు తెరుచుకుని నీళ్లు చుట్టూ తిరిగిపోతాయి. రేకును అడుగునా, రెండు పక్కలా అర మీటరు లోపలికి దింపి గట్టిగా దిమ్మిస చేయండి.