మనిషి వాసన, మూత్రం: దుప్పులు నిజంగా బెదురుతాయా?

బెజవాడ కెమెరా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పల్నాడులో దుర్గి వైపు, అడవి అంచున మా మేనమామ గారి చేను ఉంది. మూడెకరాల పెసర, రెండెకరాల కంది. రాత్రిళ్లు చుక్కల దుప్పులు దిగి లేత కొసలన్నీ కొరికి పోతున్నాయి. మనిషి మూత్రం డబ్బాల్లో పట్టి గట్ల వెంట పోస్తే దుప్పి గట్టు దాటదని మామయ్యకు ఎవరో చెప్పారట, ఆయన అదే పనిలో ఉన్నారు.

అదే చేను చివర వేపచెట్టు కింద మాటు కట్టుకుని వాటిని ఫొటో తీయాలని నా ప్రయత్నం. అమెరికా వేటగాళ్ల రాతలు చదివితే, మాటు దగ్గర మూత్రం పోస్తే జింక వారం దాకా ఆ ఛాయలకు రాదని కొందరు, ఏమీ కాదని కొందరు. అంటే మామయ్యకు పనికొస్తే నాకు చేటు, నాకు ఇబ్బంది లేకపోతే ఆయన శ్రమ వృథా. ఏది నిజం? ఒంటి వాసన సంగతేమిటి? నాకు వేట ఉద్దేశం ఏమాత్రం లేదు, కెమెరా మాత్రమే.

గుంటూరు పశువైద్యం

మీరు చదివిందీ, మామయ్య గారు విన్నదీ ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి. మూత్రం వాసన తగలగానే దుప్పికి "మనిషి" అని తెలిసిపోతుందని. పొరపాటు అక్కడే ఉంది.

మూత్రంలో సుమారు 95 శాతం నీళ్లే. మిగిలినదాంట్లో ఎక్కువ యూరియా, తర్వాత ఉప్పు, పొటాషియం, క్రియాటినిన్ వగైరా. పోసిన కొత్తలో పెద్దగా వాసన ఉండదు. తర్వాత నేలలోని బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విరగ్గొడుతుంది, అమ్మోనియా పుడుతుంది. మన ఎండలకు ఆ ఘాటు త్వరగానే లేస్తుంది. అది మనిషిదైనా, ఆవుదైనా, మేకదైనా, దుప్పిదైనా అమ్మోనియా అమ్మోనియానే. పొద్దున్నే పశువుల కొట్టం తలుపు తీస్తే కొట్టేది ఇదే. దుప్పి ఈ వాసన మధ్యే పుట్టి పెరుగుతుంది, దానికి ఇది ప్రమాదం గుర్తు కాదు.

పైగా మూత్రం తడి కనిపిస్తే దగ్గరికి వచ్చి చూడటం వాటి స్వభావం. అంగిట్లో ఇలాంటి వాసనలను పసిగట్టే వోమెరోనేసల్ అవయవం ఉంటుంది. మగది తడి మీద మూతి ఆనించి, మెడ చాచి, పై పెదవి ముడిచి పైకెత్తి కొన్ని సెకన్లు కదలకుండా నిలబడుతుంది. మేకపోతు అలా చేయడం పల్లెలో అందరూ చూసే ఉంటారు. మీ కెమెరాలో ఆ భంగిమ పడితే భయం అనుకోకండి, అది విచారణ. అమెరికాలో తెల్లతోక జింకల మీద ఆటోమేటిక్ కెమెరాలు పెట్టి పరీక్షించినప్పుడు కూడా మనిషి మూత్రం పోసిన చోట్లను అవి విడిచిపెట్టలేదు, వచ్చి వాసన చూశాయి.

ఇక ఉప్పు. మనం రోజూ తినే ఉప్పులో చాలా భాగం మూత్రంలోనే బయటికి పోతుంది. ఆకు తిని బతికే జంతువుకు సోడియం ఎప్పుడూ కరువే. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ నేషనల్ పార్కులో కొండమేకలు నడకదారుల వెంట జనం పోసిన మూత్రంలోని ఉప్పు మరిగి మనుషుల మీదికి రావడం మొదలుపెట్టాయి. వాటిని 2018 నుంచి 2020 దాకా వందల సంఖ్యలో పట్టి, హెలికాప్టర్లలో క్యాస్కేడ్ పర్వతాలకు తరలించారు. బయటి నుంచి తెచ్చి వదిలిన జంతువులు కావడం, అక్కడి మొక్కలు పాడవడం కూడా కారణాలే అనుకోండి. ఉప్పు గొడవ కూడా వాటిలో ఒకటి. రోజూ ఒకే గట్టు మీద పోస్తే మీ మామయ్య గారు కంచె కట్టడం కాదు, ఉప్పుమడి వేస్తున్నట్టు.

మాంసం తినే జంతువుల మూత్రం వేరే కథ. వాటిలో 2-ఫినైల్‌ఎథిలమైన్ అనే పదార్థం గడ్డి తినేవాటి కంటే చాలా ఎక్కువ. ఎలుకలు దాని వాసనకే దూరం జరుగుతాయని 2011లో పరిశోధకులు చూపించారు. సందర్భం వచ్చింది కాబట్టి ఒక ముచ్చట: పులి హద్దు గుర్తుగా చిమ్మే ద్రవంలో 2-ఎసిటైల్-1-పైరోలిన్ ఉంటుంది. బాస్మతి అన్నానికి కమ్మని వాసన ఇచ్చేదీ అదే. దాన్ని గుర్తించింది మన దేశపు శాస్త్రవేత్త ఆర్.ఎల్. బ్రహ్మచారి గారు.

నల్లమల జాడ

డాక్టరు గారు మూత్రం సంగతి తేల్చారు. ఒంటి వాసన మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మనిషిని పట్టిచ్చేది అదే. చెమట, చర్మం మీది నూనె, క్షణక్షణం రాలే చర్మపు పొట్టు, ఊపిరి, ఇవన్నీ కలిసి గాలివాలున పొగలాగా సాగిపోతాయి. గాలి నిలకడగా ఉంటే వందల మీటర్ల దూరంలో ఉన్న దుప్పికి అందుతుంది. అప్పుడు ముందు తల ఎత్తుతుంది, చెవులు మీ వైపు తిరుగుతాయి, ముందుకాలు నేలకేసి కొడుతుంది, తోక లేచి అడుగున తెలుపు కనబడుతుంది, ఆ వెంటనే సన్నగా పదునుగా ఒక కూత. ఆ కూత విన్నాక ఆ పూటకు ఫొటో లేనట్టే.

అయితే ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్నది. చెన్నై ఐఐటీ ఆవరణలో దుప్పులు, కృష్ణజింకలు విద్యార్థుల పక్కనే మేస్తాయి. అక్కడ మనిషి వాసన రోజూ ఉండేదే. కుక్కలు, ఉచ్చులు, టార్చిలైట్లు చూసిన అడవి అంచు దుప్పికి అదే వాసన చావు కబురు. దుర్గి వైపువి రెండో రకం అనుకునే మాటు కట్టండి.

గాలిని సబ్బుతో గెలవలేం. వాసన లేని సబ్బు, వంటసోడా నీళ్లలో జాడించి ఎండలో ఆరేసిన బట్టలు మంచివే, కానీ ఊపిరిని ఉతకలేం కదా. అత్తరు, కొబ్బరినూనె, దోమల క్రీము, సిగరెట్టు మాత్రం మానాలి. ఇంకోటి, "తెల్లదనం" పెంచే డిటర్జెంట్లు వాడకండి. ఎరుపు, నారింజ జింక కంటికి సరిగా ఆనవు గానీ నీలం వైపు బాగా చూస్తుంది. ఆ పొడులతో ఉతికిన బట్ట మసక వెలుతురులో దానికి మెరుస్తుంది.

గాలి చూడటానికి అగరుబత్తి వెలిగించవద్దు, అదే ఒక వాసన. ఎండిన జిల్లేడు కాయలు నాలుగు జేబులో వేసుకోండి. ఒక్కో దూది పింజ వదిలి, కంటికి ఆనినంత దూరం చూడండి. విబూది చిటికెడు వదిలితే మూడడుగుల వరకే తెలుస్తుంది. పింజ అయితే ఇరవై ముప్పై మీటర్ల అవతల గాలి ఎక్కడ మెలిక తిరుగుతోందో కూడా చూపిస్తుంది. మాటులో కూర్చోబోయే ముందు ఒకసారి, తర్వాత అరగంటకోసారి.

మన వైపు డిసెంబరు, జనవరుల్లో ఈశాన్యపు గాలి. ఫిబ్రవరి దాటితే సాయంత్రాలు దక్షిణం నుంచి పైరగాలి. మేలో పగలంతా పడమటి వడగాలి. ఇవి బయలులో సంగతి. గుట్టల పక్కన లెక్క మారుతుంది. ఎండ ఎక్కేకొద్దీ గాలి వాలు వెంట పైకి పోతుంది, పొద్దు గూకాక చల్లగాలి కిందికి జారి వాగులో పడుతుంది. అందుకే పొద్దుటి మాటు ఎత్తున, సాయంత్రం మాటు పల్లాన. సాయంత్రం పూట వాగుకు ఎగువన కూర్చుంటే మీ వాసన నీటి వెంట దిగి నేరుగా దుప్పులు నీళ్లు తాగే చోటికే చేరుతుంది.

మీ వేపచెట్టు చేనుకు ఏ దిక్కున ఉందో రాయలేదు. అడవి పడమర ఉండి దుప్పులు అటు నుంచి దిగుతుంటే, పైరగాలి రోజుల్లో చేనుకు ఉత్తరపు గట్టు మేలు. చెట్టు అక్కడ లేకపోతే చెట్టు మీద మమకారం వదిలి జొన్నచొప్ప మాటు కట్టండి. కట్టాక నాలుగైదు రోజులు ఖాళీగా వదిలేయాలి, కొత్త ఆకారానికి అవి అలవాటు పడాలి. వెళ్లేటప్పుడు వాటి జాడను దాటవద్దు, రబ్బరు బూట్లు వేసుకోండి, అవి రావడానికి గంట ముందే కూర్చోండి.

మాటులో మూత్రం విషయానికొస్తే, వాసన వల్ల కాదు గానీ లేవడం వల్ల దొరికిపోతారు. జిప్పు చప్పుడు, ఎండుటాకుల మీద అడుగు, అంతే. వెడల్పు మూతి ఉన్న లీటరు సీసా, గట్టిగా బిగిసే మూతతో, కూర్చున్న చోటే చేతికందేలా పెట్టుకోండి. వచ్చేటప్పుడు వెంట తెచ్చేయండి.

చేను పట్టా భూమి కాబట్టి మాటుకు అభ్యంతరం ఉండదు. గట్టు అవతలి అడవి అభయారణ్యం కిందికి వస్తే, లోపలికి అడుగుపెట్టాలన్నా ఫొటో తీయాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. ఉప్పు, మేత ఎరగా పెట్టవద్దు.

పల్నాటి మెట్ట

తమ్ముడూ, మీ మామయ్యకు ఈ మాట చెప్పు. లీటరు మూత్రంలో ఐదారు గ్రాముల నత్రజని ఉంటుంది. గట్టు వెంట పోస్తే వారం పది రోజుల్లో అక్కడి గడ్డి, పెసర ముదురు ఆకుపచ్చగా లేతగా లేస్తాయి. దుప్పి వెతుక్కునేదే ఆ లేత. పచ్చిది మొక్క మొదట్లో పోస్తే ఉప్పు ఎక్కి ఆకు అంచులు మాడతాయి కూడా. ఎరువుగా వాడాలంటే ఒకటికి పది పాళ్ల నీళ్లు కలిపి, మొక్కకు జానెడు ఎడంగా పోయమను. కాపలాకు మాత్రం పనికిరాదు.

మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లడం అడవి పందికి కొంత పనిచేస్తుంది, ఎందుకంటే పంది నేలను మూతితో కెలుకుతుంది, వెంట్రుకలు ముక్కులోకి పోయి చిరాకు పుడుతుంది. దుప్పి తల ఎత్తి కొసలు కొరుకుతుంది, దాని ముక్కు నేల మీద ఉండదు.

దుప్పికి గుడ్డు నీళ్లు నయం. నాలుగు లీటర్ల నీళ్లకు మూడు కోడిగుడ్లు, బాగా గిలక్కొట్టి పలుచని గుడ్డలో వడకట్టాలి. లేకపోతే పెంకు లోపలి పొర నాజిల్‌లో ఇరుక్కుంటుంది. నాలుగైదు చుక్కల సబ్బు నీళ్లు కలిపితే ఆకుకు పడుతుంది. ఒక రోజు నీడలో ఉంచి, సాయంత్రం పూట గట్టు పక్క నాలుగైదు సాళ్లకే కొట్టాలి. గుడ్డు కుళ్లేటప్పుడు వచ్చే గంధకపు వాసన జంతువు చచ్చిన చోటును తలపిస్తుంది, దుప్పి కొరకడానికి జంకుతుంది. వానొస్తే మళ్లీ కొట్టాలి, వాన లేకపోయినా పది పదిహేను రోజులకు ఒకసారి తప్పదు. కొత్త చిగురు మీద మందు ఉండదు కదా. కాయ కోతకు వచ్చిన సాళ్ల మీద కొట్టవద్దు. కరువు రోజుల్లో అడవిలో పచ్చ లేనప్పుడు ఇది కూడా ఆగదు, ఆకలి ముందు వాసన నిలవదు.

నమ్మకంగా ఆపేది కంచె ఒక్కటే. ఎనిమిది అడుగుల వల కట్టగలిగితే దుప్పి దాటదు. అంత ఖర్చు పెట్టలేకపోతే పాత చీరలు ఆరడుగుల ఎత్తున, సందు లేకుండా కట్టండి. అవతల ఏముందో కనబడకపోతే దుప్పి దూకడానికి వెనకాడుతుంది. చీర కింద అడుగు ఖాళీ వదిలితే అక్కడి నుంచే దూరుతుంది, మొదట తప్పు జరిగేది అక్కడే. సోలార్ కంచె అయితే మంచి ఎనర్జైజర్ (తీగలోకి షాక్ పంపే పెట్టె), భూమిలోకి దిగిన ఎర్త్ కడ్డీలు, తీగకు గడ్డి తగలకుండా వారానికోసారి కోత. మోటారు కరెంటు మాత్రం తీగలకు ఇవ్వవద్దని మామయ్యకు గట్టిగా చెప్పు. ఎన్నో ఊళ్లలో దానికి మనుషులే బలయ్యారు. దుప్పి చచ్చినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే.

బెజవాడ కెమెరా

అందరికీ ధన్యవాదాలు. చేనుకు అడవి పడమరే, వేపచెట్టు తూర్పు గట్టున ఉంది, కాబట్టి మాటు మార్చాలి. మామయ్య మాత్రం కళ్లారా చూస్తే తప్ప నమ్మరు. చేలోనే పరీక్ష పెట్టే మార్గం ఉందా?

నల్లమల జాడ

ఉంది, పది రోజుల పని. తూర్పు గట్టు పైరగాలి రోజుల్లో దాదాపు పక్కగాలి అవుతుంది, రోజూ పింజ వేసి చూస్తే సరిపోవచ్చు. వడగాలి రోజుల్లో నీకు అదే మంచి చోటు.

పరీక్షకు పడమటి గట్టు మీద ఆరు చోట్లు తీసుకోండి, ఒక్కోదానికి మధ్య ఇరవై మీటర్లు. ఒక్కో చోట మీటరు పొడవు, మీటరు వెడల్పున గడ్డి చెక్కి, జల్లెడ పట్టిన మెత్తటి మట్టి రెండు సెంటీమీటర్ల మందాన పరిచి చెక్కతో సాపు చేయండి. ఒకటి విడిచి ఒకటి: మూడింటి పక్కన అర లీటరు మూత్రం, మూడింటి పక్కన అంతే మంచినీళ్లు. నీళ్ల మడులు తప్పనిసరి, లేకపోతే దుప్పి రాకపోవడం దేని వల్లో తెలియదు. పోసేది ఒక్కరే, అదే బూట్లతో, ఆరు చోట్లకూ ఒకే వేళ, సాయంత్రం నాలుగుకు. మూత్రం పోసిన చోట ఎక్కువసేపు నిలబడి, నీళ్ల చోట గబగబా పోసి వచ్చేస్తే పరీక్ష పాడవుతుంది. పొద్దున్నే ఎండ ఎక్కకముందు గుర్తులు లెక్కపెట్టి, రాసుకుని, మళ్లీ సాపు చేయాలి. ఐదు రోజులయ్యాక చోట్లు అటూ ఇటూ మార్చాలి. మార్చేటప్పుడు పాత మట్టి తీసేసి కొత్తది పరవాలి, తడిసిన మట్టిలో ఉప్పు ఉండిపోతుంది.

ఆటోమేటిక్ కెమెరా ఉంటే ఒక మూత్రపు మడికి, ఒక నీళ్ల మడికి పెట్టండి. నేల నుంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తు, మడికి నాలుగైదు మీటర్ల దూరం, ముఖం ఉత్తరానికో దక్షిణానికో. తూర్పు పడమరలకు పెడితే పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ లెన్సులో కొట్టి ఖాళీ ఫొటోలు నిండిపోతాయి.

గుర్తులు చదవడం జాగ్రత్త. దుప్పి గిట్టలు సన్నగా, ముందు మొన తేలి, రెండూ దగ్గరగా పడతాయి. పందివి గుండ్రంగా, వెడల్పుగా ఉంటాయి, మెత్తటి మట్టిలో అయితే వెనక రెండు చిన్న గిట్టలు పక్కలకు జరిగి చుక్కల్లా దిగుతాయి. ఆ చుక్కలు ఎక్కువ కనబడితే చేను మేసేది దుప్పులొక్కటే కాదు. అప్పుడు కంచె ఎత్తు కంటే ముందు దాని కింది అంచు చూసుకోమనండి.