గ్రామసభ పాఠం చెప్పేశాం, మరి పిల్లలతో చేయించేదెలా? మీ అనుభవాలు రాయండి

సోషల్‌టీచర్_నంద్యాల
జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు సోషల్ చెప్తాను. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిందని పిల్లలు గడగడా అప్పజెప్తున్నారు. వీధిలైటు వెలగకపోతే ఎవరికి చెప్పాలంటే మాత్రం క్లాసంతా మౌనం. నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం రోజు, రాజ్యాంగ పీఠిక చదివించి, వ్యాసరచన పోటీ పెట్టి ఊరుకోవడం నాకు సరిపోవట్లేదు. సిలబస్ టెన్షన్ ఎలాగూ ఉంది, వారానికి ఒక పీరియడ్ తీయగలను. మీ క్లాసుల్లో ఏం చేయించారు?

పాలమూరు_మాస్టారు
మేడమ్, మొదట "ఇది ఎవరి పని?" ఆడించండి. ఊళ్లో కనిపించే ఇబ్బందులు చీటీల మీద రాయించి, బోర్డు మీద గళ్లు గీయండి: పంచాయతీ, కరెంటోళ్లు, ఆర్టీసీ డిపో, ఆర్ అండ్ బీ, మన హెడ్మాస్టరు. ఏ చీటీ ఏ గడిలోకి పోవాలో పిల్లలే తేల్చాలి. మా దగ్గర వంగిన కరెంటు స్తంభం మీదే పీరియడ్ సగం గడిచింది. లైటు పంచాయతీది, స్తంభం డిస్కమ్‌ది, అంటే కరెంటు పంపిణీ సంస్థది అని తేలేసరికి, ఇన్నాళ్లూ సర్పంచ్‌ను తిట్టుకున్నోళ్లు కూడా ఆలోచనలో పడ్డారు.

ఆ తర్వాతే అర్జీ. ఒక అమ్మాయి "మా వీధిలో డ్రైనేజీ బాగాలేదు, దయచేసి బాగుచేయగలరు" అని రాసింది. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎవరికి ఇబ్బంది అని పక్క బెంచీవాళ్లతోనే అడిగించాను. రెండోసారి రాసినప్పుడు ఇలా వచ్చింది: "రామాలయం వెనక సందులో, చేతిపంపు దగ్గర కాలువ పూడిపోయింది. వానలు మొదలైనప్పటి నుంచి నీళ్లు అంగన్‌వాడీ మెట్ల దాకా వస్తున్నాయి." దాన్ని రెండు కాపీలు తీసి, ఒకటి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకొచ్చారు. ఆ ముద్ర కాగితం క్లాసు గోడ మీద అంటించాం. కాలువ తీశారా అంటే, సగం తీశారు. మిగతా సగం గురించి గుర్తుచేస్తూ రెండో అర్జీ పిల్లలే రాశారు, నేను చెప్పలేదు.

ఏలూరు_టీచరమ్మ
క్లాస్ లీడర్ ఎన్నికను మాత్రం వదలకండి. చేతులెత్తిస్తే ఎప్పుడూ ఫస్ట్ ర్యాంకు అబ్బాయే గెలుస్తాడు, పక్కవాడు చూస్తున్నాడని అందరూ అటే ఎత్తుతారు. మేము చీటీలు, అట్టపెట్టె, వేలికి మార్కర్ గుర్తు పెట్టాం. నోటా కూడా ఉంచాం. వెనక బెంచీ అమ్మాయి గెలిచింది. ఆ తర్వాతదే అసలు సంగతి: గెలిచినవాళ్ల చేతిలో నిజమైన అధికారం ఒకటైనా పెట్టాలి. మధ్యాహ్న భోజనం మెనూ మన చేతిలో లేదు. వడ్డించే వరస, ఆటల పీరియడ్‌లో గ్రౌండ్ ఎవరికి, లైబ్రరీ పుస్తకాలు ఇంటికి ఇచ్చే పద్ధతి మన చేతిలోవే. సుద్దముక్కలు తెచ్చే పని ఒక్కటే ఇస్తే, మరుసటి ఏడాది నామినేషన్ వేయడానికి కూడా ఎవరూ రారు.

ఖమ్మం_సహచట్టం
పదో తరగతికైతే సమాచార హక్కు దరఖాస్తు రాయించండి. 2005 చట్టం. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. పొరపాటున వేరే ఆఫీసుకు ఇచ్చినా, 6(3) సెక్షన్ ప్రకారం వాళ్లే అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాలి. ఈ ఒక్క ముక్క తెలిస్తే పిల్లలకు సగం భయం పోతుంది. "ఎందుకు చేయలేదు?" అని రాస్తే పని జరగదు. "ఫలానా సంవత్సరంలో మంచినీటి పైపుల మరమ్మతుకు ఖర్చు పెట్టిన మొత్తం, బిల్లుల నకళ్లు" అని అడగాలి. కాగితం మీద ఏది ఉంటుందో దాన్నే అడగడం నేర్పండి.

సోషల్‌టీచర్_నంద్యాల
ఇవన్నీ సోమవారం నుంచే మొదలుపెట్టాలనిపిస్తోంది. ఒక్క భయం ఉంది. ఊళ్లో ప్రతి విషయానికీ పార్టీ రంగు ఉంటుంది. "పిల్లలను మా మీదికి ఉసిగొల్పుతున్నారు" అంటే?

పాలమూరు_మాస్టారు
ఆ మాట నేనూ పడ్డాను. మనిషి పేరు, పార్టీ పేరు రాకుండా సమస్య మీదే మాట్లాడాలని క్లాసులో నియమం పెట్టుకున్నాం. హెడ్మాస్టరుకు ముందే చెప్పి, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలోని తల్లులిద్దరిని పిలిపించి కూర్చోబెట్టాను. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే కదా. వాళ్లు కళ్లారా చూశాక ఊళ్లో మనం సంజాయిషీ చెప్పుకునే పని లేదు.

షికాగో_నాన్న
నా అభిప్రాయం కొంచెం వేరు సార్. మా ఇల్లినాయ్‌లో 2016 నుంచి హైస్కూల్లో ఒక సెమిస్టర్ సివిక్స్ తప్పనిసరి. వివాదం ఉన్న వర్తమాన విషయాలపై చర్చ జరగాలని చట్టంలోనే రాశారు. మా అమ్మాయి క్లాసులో ముందు నీ పక్షం వాదిస్తావు, తర్వాత అవతలి పక్షం వాదించాలి. ఇంట్లో నాతో ఒప్పుకోని విషయంలో నా వాదన నాకంటే బాగా చెప్పింది! ఇంకో రెండు మూడేళ్లలో ఓటేయబోయే పిల్లల దగ్గర పార్టీల ఊసే రాకుండా దాచడం వాళ్లకు మేలు చేయదనిపిస్తుంది.

పాలమూరు_మాస్టారు
పక్షాలు మార్చి వాదించడం బాగుంది, పదో తరగతికి తప్పకుండా చేయిస్తాను. పార్టీల పేర్లు మాత్రం మా ఊళ్లో ఇప్పట్లో వద్దు. ఆ వాదన సాయంత్రానికి పిల్లల ఇళ్ల దాకా పోతుంది, దెబ్బలు తినేది వాళ్లే.

బళ్లారి_తెలుగు
కర్ణాటకలో మాకు పిల్లల గ్రామసభ, మక్కళ గ్రామసభ అని, పంచాయతీయే పెడుతుంది. అధికారులు వచ్చి కూర్చుంటారు, పిల్లలు మైకులో అడుగుతారు. ముందు సిద్ధం చేయకపోతే అందరూ "గ్రౌండ్ కావాలి" అనే అంటారు. మేము వారం ముందు బడి చుట్టూ తిప్పి, ఒక్కో జట్టుకు ఒక్కో విషయం అప్పగించాం. చివర్లో పోయినసారి ఇచ్చిన హామీల జాబితా ఒక విద్యార్థితో చదివిస్తాం. అక్కడే పెద్దవాళ్లు సర్దుకుని కూర్చుంటారు.

సోషల్‌టీచర్_నంద్యాల
మాకు అలాంటి సభ లేదు కాబట్టి వార్డు మెంబర్‌నే క్లాసుకు పిలుస్తాను. ప్రశ్నలు ఆయనకు ముందే పంపాలా?

ఏలూరు_టీచరమ్మ
పంపండి. ఇరికించడం మన ఉద్దేశం కాదు, లెక్కలు చూసుకుని వస్తే జవాబు కూడా గట్టిగా ఉంటుంది. ఆయన చెప్పింది రాసుకోవడానికి ఇద్దరిని, తేదీలు గుర్తుపెట్టుకుని మళ్లీ అడగడానికి ఒకరిని ముందే పెట్టుకోండి.