ఫెల్ట్ చేసిన సంచి: ఎత్తు బాగా తగ్గింది, అంచు విచ్చుకుంది, తెల్ల చార మాత్రం బిగుసుకోలేదు

ఊలుఉండ అడిగారు:

వేడినీళ్లలో ఉతికి ఫెల్ట్‌లా, అంటే గట్టి దళసరి బట్టలా, బిగించాలని గుండ్రంగా అల్లిన సంచి ఇది. మూడు రంగులూ నూరు శాతం ఊలే, వర్స్‌టెడ్ (మధ్యరకం) మందం. 6.5 మిమీ సర్క్యులర్ సూది, 88 కుట్లు, మొత్తం స్టాకినెట్ (బయటి వైపు నునుపుగా ఉండే సాదా అల్లిక). 10 సెంమీకి 14 కుట్లు, 20 వరసలు పడ్డాయి. కింద బూడిద రంగు, మధ్యలో 8 వరసల తెల్ల చార, పైన మెరూన్. ఉతక్కముందు పరిస్తే వెడల్పు 31.4 సెంమీ, ఎత్తు 40 సెంమీ.

ముందు తలుపున్న వాషింగ్ మెషిన్‌లో 60 డిగ్రీల దగ్గర, 45 నిమిషాల ప్రోగ్రామ్‌లో వేస్తే బయటికొచ్చింది ఇదీ: బూడిద భాగం దగ్గర వెడల్పు 26, మొత్తం ఎత్తు కూడా 26. కావలసిన కొలత 25 × 32. పై అంచు ఫ్రిల్లులా అలలు తిరిగింది. తెల్ల చారలో కుట్లన్నీ ఇంకా విడివిడిగా కనిపిస్తున్నాయి, అక్కడ సంచి బొజ్జలా బయటికొచ్చింది, పైగా లేత గులాబీ రంగు పట్టింది. ఒక పక్క నిలువుగా గట్టి మడత కూడా.

తెల్ల ఊలు లేబుల్ మీద కూడా నూరు శాతం ఊలనే ఉంది, మెషిన్‌లో ఉతకొచ్చని ఉంది. ఇంకోసారి వేడినీళ్లలో వేస్తే చార సర్దుకుంటుందా? దీన్ని బాగుచేసే దారి ఏదైనా ఉందా? మళ్లీ అల్లితే ఎన్ని కుట్లు వేయాలి?

సూదిమొన:

ఇంకోసారి మాత్రం వేయకండి. బూడిద, మెరూన్ ఇంకా కుంచించుకుపోతాయి, తెల్లది కదలదు, బొజ్జ ఇంకా పెరుగుతుంది.

జవాబు మీ ప్రశ్నలోనే ఉందండి: "మెషిన్‌లో ఉతకొచ్చు". అది సూపర్‌వాష్ ఊలు. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటి పొలుసులు ఉంటాయి, అన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి. తడి, వేడి, రాపిడి తగిలినప్పుడు పోగు ఒకవైపే జరుగుతుంది, వెనక్కి రాలేదు. అలా పక్క పోగుల్లో చిక్కుకుని బిగుసుకోవడమే ఫెల్ట్. సూపర్‌వాష్‌లో ఆ పొలుసుల్ని క్లోరిన్‌తో అరగదీస్తారు, లేదా పల్చటి పాలిమర్ పూతతో కప్పేస్తారు, చాలాసార్లు రెండూ చేస్తారు. పట్టు లేకపోతే చిక్కు లేదు. లేబుల్ మీద నూరు శాతం ఊలు అని ఉండటం అబద్ధం కాదు, కానీ ఫెల్టింగ్‌కి ఆ మాట సరిపోదు.

తేల్చుకోవడానికి చిన్న పరీక్ష. ఒక్కో రంగు దారం 15 సెంమీ కత్తిరించి, పురి విప్పి, వేడినీళ్లలో ముంచి, చుక్క సబ్బు వేసి అరచేతుల మధ్య రెండు మూడు నిమిషాలు గట్టిగా ఉండ చుట్టండి. పూసలా గట్టిపడితే ఫెల్ట్ అయ్యే ఊలు. లాగగానే విడిపోతే కాదు. తెల్లది ఏ ఊలైనా ఈ పరీక్ష చేయకుండా సూదికెక్కించొద్దు. మామూలు ఊలైనా తెలుపు కోసం బ్లీచ్ చేసి ఉంటే నిదానంగానే బిగుసుకుంటుంది.

చారని బాగుచేయాలంటే నీడిల్ ఫెల్టింగ్ ఒక్కటే దారి. అది పొలుసుల మీద ఆధారపడదు. సూది అంచున ఉండే గాట్లు పోగుల్ని లాక్కెళ్లి లోపల గుచ్చుతాయి, కాబట్టి సూపర్‌వాష్ మీదైనా పనిచేస్తుంది. సంచి లోపల స్పాంజి దిమ్మ పెట్టండి. దారంగా వడకని, దువ్విన తెల్ల ఉన్నిని, కిందున్న కుట్లు లీలగా కనిపించేంత పల్చగా, చార మీద అడ్డంగా పరవండి. దాని మీద నిలువుగా ఇంకో పొర. 38 నంబర్ సూదితో అంతా గుచ్చి, చివర్లో పైపై నునుపు కోసం 40 వాడండి. చార కింద, పైన ఒక్కో వరస మేర బూడిద, మెరూన్ మీదికి కూడా పోగులు వెళ్లాలి, లేకపోతే అతుకు గీత తేలుతుంది. ఏ కోణంలో దింపారో అదే కోణంలో తీయాలి. లోపలున్నప్పుడు పక్కకి వంచితే సూది విరుగుతుంది, ఆ ముక్క ఫెల్ట్‌లో ఉండిపోతే వెతికి తీసేదాకా సంచి వాడకూడదు.

ముందు బొజ్జ తగ్గించుకోండి. చార లోపలి వైపు రెండు వరసల్లో గట్టి నూలు దారంతో రన్నింగ్ కుట్టు వేసి, చుట్టుకొలత 52 సెంమీకి వచ్చేదాకా లాగి ముడి వేసి, ఆ తర్వాతే ఉన్ని పరవండి. ఆ దారం లోపలే ఉండిపోవచ్చు.

వరసలలెక్క:

కొలతల సంగతి. 40 కాస్తా 26 అయింది కాబట్టి 0.65 నిష్పత్తి అనుకుంటే మళ్లీ పొట్టి సంచే వస్తుంది. తెల్ల చార 8 వరసలు, అంటే 4 సెంమీ. అది కుంచించుకోలేదు. దాన్ని రెండు వైపులా తీసేస్తే 36 సెంమీ కాస్తా 22 అయింది. అసలు నిష్పత్తి 0.61. వెడల్పుకి 26 ÷ 31.4, సుమారు 0.83. స్టాకినెట్‌లో ఇలా నిలువు ఎక్కువ తగ్గడం మామూలే. అందుకే ఫెల్ట్ సంచి అల్లుతున్నప్పుడు చూడ్డానికి అసహ్యంగా పొడుగ్గా, వదులుగా ఉండాలి. అల్లికలో ముద్దుగా ఉందంటే తేడా కొట్టినట్టే.

25 వెడల్పు కావాలంటే 25 ÷ 0.83 = 30.1 సెంమీ. చుట్టుకొలత 60.2, దాన్ని 1.4తో గుణిస్తే 84 కుట్లు. 32 ఎత్తుకి 32 ÷ 0.61 = 52.5 సెంమీ, అంటే 105 వరసలు. ఊలు ఇప్పటికంటే పాతిక శాతం ఎక్కువ పడుతుంది, అది ముందే చూసుకుని ఒకే డై లాట్ (ఒకేసారి రంగు వేసిన ఊలు) తీసుకోండి.

ఈ లెక్క అదే ఊలు, అదే సూది, అదే స్థాయి ఫెల్టింగ్‌కి మాత్రమే. తెలుపు మారుస్తున్నారు కాబట్టి కొత్త ఊలుకి నమూనా ముక్క తప్పదు. 30 కుట్లు, 40 వరసలకి తగ్గించొద్దు. చిన్న ముక్కలో అంచుల ప్రభావమే ఎక్కువ, లెక్క తప్పుతుంది. ఉతక్కముందు ముక్క మధ్యలో సరిగ్గా 10 సెంమీ చదరం కొలిచి నాలుగు మూలలా రంగు నూలు దారంతో ముడులు వేయండి. ఉతికి, ఆరాక ముడుల మధ్య దూరాన్ని 10తో భాగిస్తే అదే మీ నిష్పత్తి. తడిగా ఉన్నప్పుడు కొలిస్తే అది సాగి ఉంటుంది, నమ్మొద్దు.

ఇప్పుడున్న సంచి ఎత్తు సంగతంటే, తడిపి లాగితే ఒకటి రెండు సెంమీ వస్తుంది, అంతకు మించి రాదు. పై అంచు నుంచి రిబ్ పట్టీ (నిలువు చారలతో సాగే అల్లిక) అల్లి పెంచడం మేలు. దబ్బనంతో అంచుకి 1 సెంమీ కింద 6 మిమీకి ఒకటి చొప్పున రంధ్రాలు చేసి, సన్నటి క్రోషే సూదితో దారం లాగి 84 కుట్లు ఎత్తుకోండి. 5 మిమీ సూది మీద రెండు నిట్ (సాదా కుట్లు), రెండు పర్ల్ (తిరగ కుట్లు). పట్టీ 25 దగ్గర మొదలవుతుంది కాబట్టి 7 సెంమీ అల్లితే 32 అవుతుంది. ఆ పట్టీకి మాత్రం సూపర్‌వాష్ ఊలు హాయిగా వాడొచ్చు.

కత్తెరచేతులు:

ఫ్రిల్లు తిరిగిన అంచుని 2 సెంమీ కిందికి కత్తిరించి పారేయడం సులువు. బాగా బిగిసిన ఫెల్ట్ దారాలు ఊడదు. కోసిన అంచుకి కాజా కుట్టు వేస్తే సరిపోతుంది.

వేడినీళ్లు:

కత్తెర చివరాఖరికి. ముందు అంచుని చేత్తో సరిచేసి చూడండి. అల్లిక మధ్యలో ప్రతి కుట్టునీ కిందా పైనా పొరుగు వరసలు లాగుతాయి. చిట్టచివరి వరసకి పైన లాగేవాళ్లు లేరు. పైగా క్యాస్ట్ ఆఫ్ (కుట్లని సూది నుంచి దించే ముగింపు వరస) వదులుగా వేస్తే ఆ గొలుసులో ఉన్న అదనపు దారమంతా అలలవుతుంది. అంచు పొడవునా నూలు దారంతో పెద్ద పెద్ద టాకాలు వేసి 52 సెంమీకి కుచ్చు లాగండి. మిగతా సంచి తడవకుండా ఆ 3 సెంమీ మేరే వేడి సబ్బునీళ్లలో ముంచి, రబ్బరు చేతితొడుగులు వేసుకుని, గరుకు పలక మీద వృత్తాకారంలో పది నిమిషాలు రుద్దండి. ముప్పాతిక వంతు అలలు అక్కడే చచ్చిపోతాయి. అప్పటికీ లొంగకపోతే కత్తిరించండి, కాకపోతే ఎత్తు ఇంకో 2 సెంమీ పోతుంది, పట్టీ 9 అల్లుకోవాలి.

కొత్తది అల్లేటప్పుడు చివరి నాలుగు వరసల్లో 84ని 76కి తగ్గించండి. ఉతక్కముందే అంచుకి టాకా వేసి మెషిన్‌లో వేయండి.

ఇక మెషిన్. 45 నిమిషాలు చూడకుండా తిప్పడమే అసలు పొరపాటు. ముందు తలుపు మెషిన్లో మధ్యలో తీసి చూడ్డం కుదరదు, కాబట్టి 40 డిగ్రీల దగ్గర ఉన్నవాటిలోకెల్లా చిన్న ప్రోగ్రామ్ పెట్టి, తీసి చూసి, చాలకపోతే మళ్లీ వేయాలి. పై నుంచి తెరిచే మెషిన్ దొరికితే అదే నయం, ప్రతి ఐదు నిమిషాలకీ తీసి చూడొచ్చు. జిప్పున్న దిండు గలీబులో పెట్టి వేయండి, రాలిన నూగు మెషిన్ గొట్టాల్లోకి పోకుండా ఆగుతుంది. తోడుగా రెండు పాత జీన్స్ కావాలి, రాపిడి వాటివల్లే. టవళ్లు వద్దు, వాటి నూగు ఫెల్ట్‌లో ఇరుక్కుంటే తీయలేరు. సబ్బు ఒక చెంచా చాలు. నురగ ఎక్కువైతే అది మెత్తలా అడ్డుపడి రాపిడి తగ్గుతుంది. చూసిన ప్రతిసారీ సంచి లోపల చెయ్యి పెట్టి రెండు పొరల్నీ విడదీయండి. ఒకదానికొకటి అతుక్కుంటే అది సంచి కాదు, చాప.

నిలువు మడత స్పిన్ వల్ల వచ్చింది. ఫెల్టింగ్ ప్రోగ్రామ్‌లో స్పిన్ ఆపేసి, పొడి టవల్లో చుట్టి నీళ్లు పిండాలి. ఇప్పుడున్న మడతకి తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆవిరి పట్టించి, లోపల ప్లాస్టిక్ చుట్టిన అట్టపెట్టె బిగుతుగా దూర్చి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. పూర్తిగా పోకపోవచ్చు, చాలావరకు పోతుంది.

సూదిమొన:

గులాబీ మరక గురించి ఎవరూ చెప్పలేదు. సూపర్‌వాష్ ఊలు రంగుని మామూలు ఊలు కంటే తొందరగా, ముదురుగా పీల్చుకుంటుంది. మెరూన్ వదిలిన రంగు నేరుగా దానికే పట్టింది. క్లోరిన్ బ్లీచ్ జోలికి పొరపాటున కూడా వెళ్లొద్దు, ఊలు పసుపెక్కి కరిగిపోతుంది. ఎలాగూ పైన తెల్ల ఉన్ని వస్తోంది కదా, కప్పేస్తుంది. కొత్తదానికి మెరూన్ దారాన్ని తెల్లగుడ్డతో కలిపి వేడినీళ్లలో అరగంట నానబెట్టి చూసుకోండి.

ఊలుఉండ:

పూస పరీక్ష అయింది. బూడిద, మెరూన్ గట్టి పూసలయ్యాయి, తెల్లది విడిపోయింది. అంచు టాకాతో చాలావరకు దారికొచ్చింది. రెండు సందేహాలు. ఉన్ని గుచ్చుతుంటే సంచి స్పాంజికి అంటుకుపోతోంది. ఇంకా, సంచికి తగిలించే 60 సెంమీ తాడు పట్టెడ ఫెల్ట్ చేసి కుట్టాలంటే ఎంత పొడవు అల్లాలి?

సూదిమొన:

సూది మరీ లోతుకి పోతోంది. 5, 6 మిమీ దిగితే చాలు. ఇరవై ముప్ఫై పోట్లకోసారి సంచిని స్పాంజి మీంచి ఎత్తి కాస్త జరపండి. లోపలికి పొడుచుకొచ్చిన నూగుని చివర్లో సంచి తిరగేసి లోపలి నుంచి కొద్దిగా గుచ్చితే అణిగిపోతుంది.

వరసలలెక్క:

0.61 లెక్కన 98 సెంమీ. కానీ 5 కుట్ల ఐ-కార్డ్ (గొట్టంలా అల్లే సన్నటి తాడు) స్టాకినెట్ బట్టలా అచ్చంగా తగ్గదు, 20 సెంమీ తాడు అల్లి విడిగా ఉతికి నిష్పత్తి చూసుకోండి. పట్టెడని సంచితో కలిపి కాకుండా వేరే గలీబులో వేయండి, లేకపోతే చుట్టుకుని ముడిపడి అలాగే ఫెల్ట్ అయిపోతుంది. తడిగా ఉండగానే ఒక కొసకి అరకిలో బరువు కట్టి వేలాడదీసి ఆరబెట్టి, ఆ తర్వాత కొలిచి కత్తిరించండి. వాడుకలో సాగాల్సిన సాగుడు అక్కడే సాగిపోతుంది.